చంకలో అదనపు రొమ్ము కణజాలం: మనవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్‌ని కాను. మా వదినకు రెండు చంకల్లోనూ ఇది ఉండేది. స్కానింగ్ నుంచి ఆపరేషన్ దాకా ఆమె వెంట తిరిగాను. అప్పట్నుంచి తిరుపతిలోనూ చిత్తూరులోనూ చుట్టాలు, వాళ్ల చుట్టాలు, ఒకరి ద్వారా ఒకరు నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి అడిగే ప్రశ్నలే ఇవన్నీ. అందరికీ నేను చెప్పేది ఒకటే. ఒక్కసారి డాక్టర్‌కి చూపించి అదేంటో తేల్చుకోండి, అది మామూలు కణజాలమే అని తేలాక తీయించాలా వద్దా అన్నది మీ ఇష్టం, అందులో అత్తగారికీ ఆడపడుచుకీ ఓటు లేదు.

అసలు ఇది ఏంటి? కొవ్వా, గడ్డా?

రొమ్ములో ఏముంటుందో అదే. పాలగ్రంథులు, వాటి చుట్టూ పీచు, కొవ్వు. అవి కాస్త చంకలో కూడా మిగిలిపోయాయన్నమాట. తల్లి కడుపులో పిండానికి ఐదారు వారాలున్నప్పుడు చంక నుంచి గజ్జ దాకా రెండు వైపులా సన్నటి గట్టులాంటిది ఏర్పడుతుంది, దాన్ని పాలరేఖ అంటారు. కుక్కకీ పిల్లికీ పొట్ట పొడవునా చన్నులు వచ్చేది ఈ రేఖ మీదే. మనుషుల్లో ఛాతీ దగ్గర తప్ప మిగతాదంతా పుట్టకముందే మాయమైపోవాలి. కొందరిలో పూర్తిగా పోదు. అలా మిగిలేది ఎక్కువగా చంకలోనే.

అంటే ఇది పుట్టుకతో వచ్చింది. మీరు వాడిన డియోడరెంట్ వల్లో, షేవింగ్ వల్లో, బిగుతు జాకెట్టు వల్లో రాలేదు.

ఇది నాకొక్కదానికేనా?

కాదు. ఆడవాళ్లలో నూటికి ఇద్దరి నుంచి ఆరుగురి దాకా ఉంటుందని వైద్య పుస్తకాల్లో రాస్తారు, మగవాళ్లలోనూ తక్కువగా కనిపిస్తుంది. 1915లోనే కజావా అనే ఫిన్లాండ్ వైద్యుడు దీన్ని ఎనిమిది రకాలుగా విడదీశాడు. చనుమొన, దాని చుట్టూ నల్లటి వలయం, లోపల గ్రంథి, అన్నీ ఉన్న రకం ఒక చివర, ఉత్త చనుమొన మాత్రమే ఉండి పుట్టుమచ్చ అనుకునే రకం ఇంకోవైపు. మన దగ్గర చంకలో ఎక్కువమందికి ఉండేది పైన ఏమీ కనిపించకుండా చర్మం కింద మెత్తగా ఉబ్బే రకం. అందుకే చాలామంది ఏళ్ల తరబడి ఒళ్లు వచ్చిందనుకుని ఊరుకుంటారు.

పెళ్లికి ముందు లేదు కదా, ఇప్పుడెలా వచ్చింది?

ఉంది, తెలియలేదంతే. మామూలు రొమ్ము ఏ హార్మోన్లకు స్పందిస్తుందో ఇది కూడా వాటికే స్పందిస్తుంది. రజస్వల అయ్యే వయసులో కొద్దిగా, నెలసరికి ముందు కొద్దిగా, గర్భంలో బాగా, కాన్పయిన మూడు నాలుగు రోజులకు మరీ బాగా ఉబ్బుతుంది. రెండు వైపులా ఉండొచ్చు, ఒకవైపే ఉండొచ్చు, రెండు వైపులా ఉన్నా ఒకటి పెద్దదిగా ఉండటం మామూలే. మా వదినకైతే మొదట కనిపెట్టింది టైలరు. పాత కొలత జాకెట్టు చూసి కుట్టినా చంక దగ్గర పట్టేస్తోందని రెండుసార్లు విప్పి కుట్టి, చివరికి "అమ్మా, చేతులు సరిపోతున్నాయి, ఛాతీ సరిపోతోంది, చంక కింద మాత్రం మడత పడతా ఉంది, ఒకసారి చూపించుకోండి" అందట.

ఇది క్యాన్సరా? నిజం చెప్పండి.

దాదాపు ఎప్పుడూ కాదు. ఇది మామూలు కణజాలం, చోటు మాత్రమే తప్పు. ఉన్నంత మాత్రాన క్యాన్సర్‌గా మారిపోతుందని కూడా కాదు.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇది నిజమైన రొమ్ము కణజాలం కాబట్టి రొమ్ముకు వచ్చే జబ్బులన్నీ దీనికీ రావొచ్చు. ఫైబ్రోఅడినోమా అనే మామూలు గడ్డ, నీటి బుడగ, పాలు గడ్డకట్టి చీము పట్టడం, చాలా అరుదుగా క్యాన్సర్. మొత్తం రొమ్ము క్యాన్సర్లలో ఇలా అదనపు కణజాలంలో పుట్టేవి ఒక శాతం కంటే తక్కువే. అయితే అరుదు కాబట్టే చంకలోని గడ్డను కొవ్వనో బిళ్ళ కట్టిందనో అనుకుని ఆలస్యం చేసే ప్రమాదం ఉంది. అందుకే "ఏం కాదులే" అని అవ్వ చెప్పిన మాటతో ఆగకుండా ఒక్కసారి స్కానింగ్ చేయించమనేది.

ఇవి కనిపిస్తే మాత్రం నెలసరి అయ్యాక చూద్దాం, పండగ అయ్యాక చూద్దాం అనుకోవద్దు. రాయిలా గట్టిగా, కదలకుండా ఉండటం, నెలనెలా తగ్గకుండా పెరుగుతూనే పోవడం, పై చర్మం లోపలికి లాగినట్టో నారింజ తొక్కలా గుంటలు పడో ఉండటం, పుండు, రక్తం లేదా నీరు కారడం, అటువైపు రొమ్ములో కూడా గడ్డ తగలడం. అమ్మకో అక్కకో రొమ్ము క్యాన్సర్ వచ్చి ఉంటే ఆ సంగతి డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి. నొప్పి లేదు కదా అని ధైర్యపడొద్దు, క్యాన్సర్ గడ్డకు మొదట్లో నొప్పి ఉండకపోవడమే ఎక్కువ. నెలసరికి ముందు సలుపు ఉండి తర్వాత తగ్గిపోవడం మామూలు కణజాలం లక్షణం.

బిళ్ళ కట్టడానికీ, కొవ్వు గడ్డకీ, దీనికీ తేడా ఎలా తెలుస్తుంది?

ఇంట్లో కచ్చితంగా తేల్చలేం, కాస్త ఊహించొచ్చు. బిళ్ళ అంటే లింఫ్ గ్రంథి. గుండ్రంగా, గోలీలా వేలికి విడిగా తగులుతుంది, చేతికి దెబ్బో పుండో ఉన్నప్పుడు వచ్చి తగ్గుతుంది. వారాల తరబడి తగ్గకుండా సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష కూడా చేస్తారు. కొవ్వు గడ్డ మెత్తగా వేళ్ల కింద జారుతుంది, నెలసరితో దానికి సంబంధం ఉండదు. మాటిమాటికీ సెగ్గడ్డల్లా లేచి చీము కారి మచ్చలు పడుతుంటే అది చెమట పట్టే చోట్ల వచ్చే వేరే చర్మ జబ్బు, దానికి చర్మ వైద్యులు ఉన్నారు. అదనపు రొమ్ము కణజాలం అంచు తెలియకుండా పరుచుకున్నట్టు ఉంటుంది, చెయ్యి కిందికి దించితే చంక ముందు వైపు మడతలా పొంగుతుంది.

ఏ డాక్టర్‌కి చూపించాలి? తిరుపతిలో ఎక్కడ?

జనరల్ సర్జన్. గర్భిణులు, బాలింతలు ముందు తమ గైనకాలజిస్టునే అడగొచ్చు. రుయా ఆసుపత్రి సర్జరీ ఓపీలో చూస్తారు, స్విమ్స్‌లోనూ చూస్తారు. అనుమానం గట్టిగా ఉంటే క్యాన్సర్ కోసమే కట్టిన ఆసుపత్రి కూడా ఇప్పుడు తిరుపతిలోనే ఉంది, చెన్నై పరుగెత్తాల్సిన పని లేదు. స్విమ్స్ పింక్ బస్సు మీ ఊరికి వస్తే అందులో రొమ్ము పరీక్ష చేస్తారు, చంక సంగతి కూడా అప్పుడే చెప్పండి. చిత్తూరు, గుడిపాల వైపు వాళ్లు అలవాటుగా వెల్లూరు సి.ఎం.సి.కి పోతారు, దగ్గర కాబట్టి అదీ మంచిదే.

మగ డాక్టర్ అని మొహమాటపడి వెనక్కి వచ్చేసినవాళ్లు నాకు తెలుసు. లేడీ డాక్టర్ కావాలని ఓపీ చీటీ రాసేటప్పుడే అడగండి, లేదంటే పరీక్ష చేసేటప్పుడు నర్సు గదిలో ఉండాలని అడగండి. అడగడంలో తప్పేమీ లేదు. ముందు వైపు హుక్కులున్న జాకెట్టో, వదులు కుర్తీయో వేసుకెళ్తే పని తేలిక.

స్కానింగ్‌లో ఏం చేస్తారు? రిపోర్టు ఎలా చదవాలి?

అల్ట్రాసౌండ్. పడుకోబెట్టి ఆ వైపు చెయ్యి తల వెనక పెట్టమంటారు, చల్లటి జెల్ రాసి ప్రోబ్‌తో చంకా రొమ్మూ రెండూ చూస్తారు. సూది ఉండదు, నొప్పి ఉండదు. నలభై దాటినవాళ్లకు సాధారణంగా మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే కూడా రాస్తారు. లోపల విడిగా ఏదైనా గడ్డ కనిపిస్తేనే సూదితో నమూనా తీస్తారు. ఆ సూది పరీక్ష పేరు వినగానే చాలామంది హడలిపోతారు, "సూది గుచ్చితే పాకుతుందంట" అని పక్కింటివాళ్లు చెప్పే మాట పట్టుకుని పారిపోవద్దు, ఆ భయంతో పరీక్ష మానేస్తే జరిగే నష్టమే పెద్దది.

రిపోర్టులో బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. 1 అంటే ఏమీ లేదు, 2 అంటే ఉన్నది హానిలేనిది. 3 అంటే దాదాపు హానిలేనిదే, కానీ ఆరు నెలలకు మళ్లీ చూడాలి. 4, 5 అయితే ముక్క పరీక్ష చేయాల్సిందే. 0 అంటే సున్నా మార్కులు కాదు, ఇంకో పరీక్ష చేస్తే గానీ చెప్పలేమని అర్థం. ఆ సున్నాను చూసి ఏడ్చినవాళ్లున్నారు.

కాన్పయి నాలుగు రోజులైంది. చంకలో రాయిలా గట్టిపడి చెయ్యి దించలేకపోతున్నా. ఏం చేయాలి?

నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఇదే, అదీ రాత్రిపూట. భయపడకండి. రొమ్ముల్లోకి పాలు దిగినప్పుడే ఈ కణజాలంలోకీ పాలు వచ్చాయి, బయటికి పోయే దారి లేదు కాబట్టి ఉబ్బింది. బయటికి రాని పాలు అక్కడ తయారవడం దానంతట అదే ఆగిపోతుంది. సాధారణంగా కొద్ది రోజుల నుంచి రెండు వారాల్లో మెత్తబడుతుంది.

చల్లటి కాపడం పెట్టండి. పల్చటి గుడ్డలో ఐస్ చుట్టి పది, పదిహేను నిమిషాలు, రోజులో కొన్నిసార్లు. బాలింతకు చల్లనిది తగలకూడదని ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోరు, తెలుసు. "అత్తమ్మా, నేను తాగట్లేదు, చంకలో పెట్టుకుంటున్నా" అని చెప్పండి. వేడి కాపడం పెడితే అక్కడికి రక్తం ఇంకా ఎక్కువ చేరి వాపు పెరుగుతుంది. పిసకొద్దు, గట్టిగా మర్దన చేయొద్దు, పంపు పెట్టి లాగొద్దు. లాగేకొద్దీ ఇంకా పాలు తయారు చేయమని దానికి మనమే చెప్పినట్టవుతుంది. సున్నం బెల్లం పట్టు వేస్తే అక్కడి పల్చటి చర్మం కాలిపోతుంది. నొప్పికి పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ బాలింతలు వాడుకోవచ్చు, డాక్టర్‌ని అడిగి మోతాదు ప్రకారం. కడుపులో పుండు, ఆస్తమా ఉన్నవాళ్లు ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు.

చంకలో చిన్న రంధ్రమో చనుమొనో ఉంటే అక్కడి నుంచి పాలు చెమ్మగా కారడం కూడా ఉంటుంది. తుడిచేసి పొడి గుడ్డ పెట్టుకోండి, అంతే.

జ్వరం, చలి, ఎర్రబడి వేడిగా కాలిపోవడం, చీము గడ్డలా మెత్తబడటం, ఇవి ఉంటే ఇన్ఫెక్షన్. ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ కావాలి, చీముంటే తీయాలి.

బిడ్డకు పాలు ఆపేయాలా? మల్లెపూలు కట్టమంటున్నారు.

ఆపొద్దు. రొమ్ముపాలు మామూలుగా ఇస్తూనే ఉండండి, చంకలో వాపుకీ బిడ్డ తాగే పాల మంచికీ ఏ సంబంధమూ లేదు. అవి చెడిపోయిన పాలు కావు.

మల్లెపూల సంగతి నవ్వుకునేది కాదు. పాలు మాన్పించడానికి మన వైపు ఎప్పట్నుంచో రొమ్ములకు మల్లెపూలు కడతారు, వెల్లూరు వైద్యులు దీన్నే పరీక్షించి 1988లో ఒక వైద్య పత్రికలో ప్రచురించారు. పూలు కట్టినవాళ్లలో పాల హార్మోను తగ్గిందనే తేలింది. సరిగ్గా అందుకే బిడ్డకు పాలివ్వాల్సిన తల్లి వాటిని కట్టుకోకూడదు. చంకలో వాపు కోసమని కడితే తగ్గేది బిడ్డ ఆకలి తీర్చే పాలు.

మందులు, నూనెలు, వ్యాయామంతో పోతుందా?

పోదు. గ్రంథిని కరిగించే మాత్ర లేదు. బరువు తగ్గితే చుట్టూ ఉన్న కొవ్వు తగ్గి కాస్త చిన్నగా కనిపించొచ్చు, గ్రంథి అక్కడే ఉంటుంది. కొవ్వు కరిగించే ఇంజక్షన్లు అని బ్యూటీ క్లినిక్‌లలో అమ్ముతారు, స్కానింగ్ కూడా లేకుండా చంకలో సూది గుచ్చేవాళ్ల దగ్గర కూర్చోవద్దు. చంకలో నరాలున్నాయి, రక్తనాళాలున్నాయి, లింఫ్ గ్రంథులున్నాయి, అదేమీ ఖాళీ సంచి కాదు.

అయితే ఆపరేషన్ ఎవరికి?

నెలనెలా నొప్పితో బాధపడేవాళ్లకి. చెయ్యి ఆడించినప్పుడల్లా ఒరుసుకుని పుళ్లు పడేవాళ్లకి. మన ఏప్రిల్, మే ఎండల్లో చంక మడతలో చెమట పొక్కులు, ఫంగస్ మాటిమాటికీ వచ్చేవాళ్లకి. పరీక్షలో ఏదైనా అనుమానం తగిలినవాళ్లకి ఎలాగూ తప్పదు. ఇవేవీ లేకపోయినా, చూడటానికి ఇష్టం లేక ఫోటోల్లో చెయ్యెత్తడమే మానేసినవాళ్లకి కూడా. అందం కోసమా అని ఎవరైనా దెప్పితే దెప్పనీండి, ఏళ్ల తరబడి పమిట లాగి కప్పుకునే టెన్షన్ వాళ్లది కాదు.

ఏ ఇబ్బందీ లేదా, అయితే వదిలేయండి. ఉన్నంత మాత్రాన ముందుజాగ్రత్తగా తీసేయాల్సిన అవసరం లేదు.

త్వరలో పిల్లల్ని కనాలనుకుంటే కాన్పులయ్యాక చేయించుకోవడం మేలు, మిగిలిన కాస్త కణజాలం గర్భంలో మళ్లీ ఉబ్బే అవకాశం ఉంటుంది కాబట్టి. పాలిచ్చే తల్లులు మాన్పించాక మూడు నుంచి ఆరు నెలలు ఆగాలి. సగంమందికి అప్పటికి వాపు తగ్గి ఆపరేషన్ ఆలోచనే పోతుందని మా వదినకు చూసిన సర్జన్ నవ్వుతూ అనేవారు.

ఎలా చేస్తారు?

చంక మడతలోనే గాటు పెట్టి గ్రంథి, అవసరమైతే మిగులు చర్మం తీసేస్తారు. కొవ్వు ఎక్కువ ఉంటే లైపోసక్షన్ గొట్టంతో లాగుతారు. లైపోసక్షన్ ఒక్కటే చాలా అంటే, ఎక్కువ భాగం కొవ్వే అయితే చాలొచ్చు, గట్టి గ్రంథి ఉంటే గొట్టంలోకి రాదు, మళ్లీ మొదటికొస్తుంది. రెండూ కలిపి చేయడం మామూలే. సాధారణంగా పూర్తి మత్తు ఇస్తారు, రెండు వైపులకీ గంట నుంచి రెండు గంటలు పడుతుంది, అదే రోజో మర్నాడో ఇంటికి పంపేస్తారు.

ఒక్క విషయం పట్టుబట్టి అడగండి. తీసిన ముక్కను బయాప్సీకి పంపాలి. ప్యాకేజీలో అది ఉందా లేదా ముందే తేల్చుకోండి.

తర్వాత ఎన్నాళ్లు ఇబ్బంది?

మొదటి వారం చెయ్యి శరీరానికి ఆనించలేరు, చిన్న దిండు పెట్టుకుని పడుకోవాలి. పెద్దది తీస్తే డ్రెయిన్ పెడతారు, సన్నటి గొట్టం, చివర నొక్కి పెట్టిన చిన్న ప్లాస్టిక్ బుడ్డీ. రోజూ అందులో చేరిన నీటిని కొలిచి నోట్‌బుక్‌లో రాయాలి. మొదట ఎర్రగా, తర్వాత పల్చటి గులాబీ రంగులో, చివరికి లేత పసుపుగా మారుతుంది. ఇరవై ముప్పై మిల్లీలీటర్ల కంటే తగ్గాక తీసేస్తారు. నైటీకి లోపలి వైపు గుడ్డ సంచి కుట్టి బుడ్డీని అందులో వేసుకుంటే మా వదిన వంటింట్లోకి కూడా తిరిగేది.

కూర్చుని చేసే ఉద్యోగానికి వారం పది రోజుల్లో వెళ్లొచ్చు. నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, పిల్లాణ్ణి ఎత్తుకోవడం, స్కూటీ నడపడం మూడు నాలుగు వారాలు వద్దు. అలాగని చెయ్యి అసలు కదపకుండా బిగపట్టుకుంటే భుజం పట్టేస్తుంది, ఫిజియోథెరపీవాళ్లు చెప్పినట్టు గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం మెల్లగా మొదలుపెట్టాలి. ఆపరేషన్ చేసిన చోటును ఒత్తి పట్టి ఉంచే బిగుతు జాకెట్ రెండు మూడు వారాలైనా వేసుకోమంటారు, మన ఎండలకు అది నరకమే, వీలుంటే డిసెంబరు, జనవరిలో పెట్టుకోండి.

మళ్లీ వస్తుందా? రిస్కులేంటి?

ఎక్కువగా జరిగేది లోపల నీరు చేరడం, సిరంజితో తీసేస్తారు. చంక గుండా చేతి లోపలి వైపుకు పోయే సన్నటి నరం లాగబడితే అక్కడ కొన్ని నెలలు తిమ్మిరిగా ఉంటుంది, కొందరికి కొంచెం మిగిలిపోతుంది కూడా. మచ్చ మొదట్లో ఎర్రగా లావుగా ఉంటుంది. కొద్దిగా కణజాలం మిగిలితే మళ్లీ ఉబ్బొచ్చు. ఆపరేషన్‌కు ముందు ఇవి చెప్పకుండా "చిన్న పని, సాయంత్రానికి ఇంటికెళ్లిపోతారు" అని మాత్రమే చెప్పే చోట నేనైతే చేయించను. ఇకముందు రొమ్ముపాలకు ఏ ఆటంకమూ ఉండదు, అసలు రొమ్మును ముట్టుకోరు.

మా పాపకు పద్నాలుగేళ్లు, తనకూ కనిపిస్తోంది.

ఒకసారి చూపించండి, తొందరపడి కోయించొద్దు. ఎదుగుదల పూర్తయ్యాక ఆలోచించొచ్చు. ఆ వయసులో పిల్లకు కావాల్సింది ఇది జబ్బు కాదని అమ్మ నోటితో వినడం, చేతులు కాస్త పొడుగ్గా ఉండే యూనిఫాం.

మగవాళ్లకూ వస్తుందా?

వస్తుంది, తక్కువ. పరీక్ష అదే, వైద్యం అదే. మగవాళ్లకు చంకలో కొత్తగా గట్టి గడ్డ వస్తే ఇంకా త్వరగా చూపించాలి.

ఇన్సూరెన్స్, ఆరోగ్యశ్రీ వస్తాయా?

అందం కోసం చేసే సర్జరీకి ఇన్సూరెన్స్ ఇవ్వరు, అది అన్ని పాలసీల్లోనూ ఉండే మినహాయింపు. ఆరోగ్యానికి అవసరమని డాక్టర్ రాతపూర్వకంగా ధ్రువీకరిస్తే దారి కొంత తెరుచుకుంటుంది. నొప్పి, మాటిమాటికీ ఇన్ఫెక్షన్ ఉన్నాయని ప్రతి ఓపీ చీటీలోనూ రాయించుకోండి, నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. బయటికి కనిపించే పుట్టుకతో వచ్చిన లోపాలను కూడా చాలా పాలసీలు మినహాయిస్తాయి, కాబట్టి చేరే ముందే కంపెనీ నుంచి ముందస్తు అనుమతి తీసుకోండి. ఆరోగ్యశ్రీకి ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అని పేరు, ఆసుపత్రి హెల్ప్ డెస్క్‌లో మీ రిపోర్టు చూపించి అడిగాకే లెక్కలు వేసుకోండి.

బిల్లులో జీఎస్టీ వేస్తే ఒక మాట అడగండి. కాస్మెటిక్ సర్జరీ మీద పన్ను ఉంది గానీ, పుట్టుకతో వచ్చిన లోపాన్ని, ఎదుగుదలలో వచ్చిన తేడాను సరిచేసే సర్జరీకి మినహాయింపు ఉంది. డిశ్చార్జ్ సమ్మరీలో ఆ మాట ఉంటే వాదించడానికి మీ చేతిలో కాగితం ఉన్నట్టే.

ఆపరేషన్ అయ్యాక మెట్లెక్కి కొండకు పోతానని మొక్కుకున్నా. ఎప్పుడు పోవచ్చు?

కాళ్లకేం కాలేదు కదా అని అందరూ అనేదే. అలిపిరి నుంచి 3,550 మెట్లు, దారంతా చెమట, రైలింగ్ పట్టుకుని లాక్కోవడం, క్యూలో తోపులాట, ఇవే ఇబ్బంది. కుట్లు పూర్తిగా మానాక, నెల దాటాక, సర్జన్‌ని అడిగి వెళ్లండి. భుజాన బ్యాగు మాత్రం వద్దు, అలిపిరి దగ్గర లగేజీ కౌంటర్‌లో ఇచ్చేస్తే టీటీడీవాళ్లే పైకి చేరుస్తారు.